చూపులేనివాడికి తెర వెలుతురుతో పనేమిటి?

సావనీర్‌కి వ్యాసం కావాలని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "దేన్ని గురించి వ్రాయమంటావయ్యా?" అని అడిగాను.

"మీ ఇష్టం మాస్టారూ. మీరు కంప్యూటర్ ఎలా వాడతారో వ్రాయండి. మా వాళ్ళకి అదో పెద్ద వింత" అన్నాడు.

"ఆ వింత గురించి చాలామంది చాలాసార్లు వ్రాశారు. ఎవరూ వ్రాయని చిన్న సంగతి ఒకటుంది. లాప్‌టాప్ తెర వెలుతురు పెంచుకోవడం, తగ్గించుకోవడం. దాని గురించి వ్రాస్తాను" అన్నాను.

అవతల కాసేపు నిశ్శబ్దం. "అంటే మాస్టారూ, మీకు..." అని ఆగిపోయాడు. మర్యాదస్థుడు. వాక్యం పూర్తి చెయ్యలేదు. నేనే పూర్తి చేశాను. "చూపులేనివాడికి వెలుతురుతో పనేమిటి అనేగా?"

ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి శీర్షిక అయింది. అది అతని ఒక్కడి ప్రశ్న కాదు. చాలాకాలం పాటు నాదీ అదే ప్రశ్న. తెర వెలుతురు నా సొత్తు కాదనీ, దాంతో నాకు నిమిత్తం లేదనీ అనుకుంటూ కొన్నేళ్ళు గడిపాను. ఆ నిర్లక్ష్యానికి మూడుసార్లు మూల్యం చెల్లించాను. ఆ మూడు సంగతులూ చెబుతూ, మధ్యలో ఈ తెర ఎలా పనిచేస్తుందో, దాన్ని కళ్ళతో పని లేకుండా ఎలా అదుపులో పెట్టుకోవచ్చో నాకు తెలిసినంత వరకు వివరిస్తాను.

ముందుగా నా గురించి రెండు ముక్కలు. నేను పుట్టుకతో చూపులేనివాడిని. వెలుతురుకీ చీకటికీ తేడా కూడా తెలియదు. విశాఖపట్నంలో, మన కాలేజీ తెలుగు శాఖలో పరిశోధన చేసి, ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. నా కంప్యూటర్ నాతో మాట్లాడుతుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు. అందులో జాస్ అనేది డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఎన్.వి.డి.ఎ. అనేది ఉచితం. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు తయారుచేశారు. 2006లో మొదలైంది. నేను వాడేది అదే. మౌసు ముట్టుకోను. పనంతా కీబోర్డు మీదనే. చెవిలో ఇయర్‌ఫోను, ఒళ్ళో లాప్‌టాప్, ఇంతే నా సరంజామా.

ఇందులో తెర ఎక్కడుంది? నా లెక్కలో లేనేలేదు. పెట్టెకి మూత ఉన్నట్టు లాప్‌టాప్‌కి తెర ఉంది, అంతే.

హుద్‌హుద్ నాటి సంగతి

2014 అక్టోబర్ 12వ తేదీ ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. అప్పుడు ఇక్కడున్న వాళ్ళెవరూ ఆ గాలి మోత మరచిపోలేరు. చూపున్నవాళ్ళు మర్నాడు లేచి కూలిన చెట్లను చూసి ఏడ్చారు. నేను మాత్రం ఆకుల చప్పుడు లేకపోవడం విని తెలుసుకున్నాను, మా హాస్టల్ ముందు చెట్లు పోయాయని.

నాలుగు రోజుల పాటు మాకు కరెంటు లేదు. ఆ నెలాఖరుకి నేను ఒక అధ్యాయం మా గైడ్ గారికి ఒప్పజెప్పాలి. నా లాప్‌టాప్ బ్యాటరీ రెండున్నర గంటలకు మించి వచ్చేది కాదు. అలాంటి యంత్రమే ఉన్న మిత్రుడు తనది మూడున్నర గంటల పైన వస్తుందనేవాడు. అంతకుముందు వేసవిలోనే నగరంలో ఒక రిపేరు కొట్టుకి తీసుకెళితే, "బ్యాటరీ పోయింది సార్" అని కొత్తది అమ్మారు. ఫెలోషిప్పు డబ్బుల్లోంచి మూడు వేలు పెట్టాను. కొత్త బ్యాటరీ పాతదానికన్నా పావుగంట ఎక్కువ వచ్చింది. నా అదృష్టం ఇంతేలే అని సరిపెట్టుకున్నాను.

తుఫాను మూడో రోజు రాత్రి చీకట్లో కూర్చుని టైపు చేసుకుంటున్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన జూనియర్ కుర్రాడొకడు కొవ్వొత్తి కోసం మా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏటన్నయ్యా ఇది! పెళ్ళిపందిట్లో పెట్రోమాక్స్ లైట్లాగ ఎలిగిపోతంది నీ తెర. గదంతా పట్టపగల్లాగుంది. నీకెందుకన్నయ్యా ఇంత ఎలుగు?"

నాకు అర్థం కాలేదు. వాడొచ్చి నా ప్రక్కన కూర్చుని, బ్రైట్‌నెస్ నూటికి నూరు ఉందని చెప్పి, ఒక కీని టకటకా నొక్కి అడుగుకి దించేశాడు. ఆ రాత్రి మిగిలిన బ్యాటరీతోనే నేను అనుకున్నదానికంటే చాలాసేపు పని చేసుకున్నాను. తరవాత కరెంటు వచ్చాక గడియారం పెట్టుకుని చూశాను. నిండు వెలుతురుతో రెండున్నర గంటలు. అట్టడుగు వెలుతురుతో మూడు గంటల నలభై నిమిషాలు.

అంటే రెండేళ్ళుగా నేను ఎవరి కోసమో తెలియని దీపం వెలిగిస్తూ వచ్చానన్నమాట. దాని నూనె ఖర్చు మాత్రం నాది.

అసలు అది నూటికి ఎలా చేరింది? తరవాత ఆలోచిస్తే తెలిసింది. నా యంత్రంలో శబ్దం పెంచే కీకి ప్రక్కనే వెలుతురు పెంచే కీ ఉంది. రెంటికీ కలిపి నొక్కవలసిన ఎఫ్ఎన్ కీ ఒక్కటే. శబ్దం కోసం తడుముకుంటూ ఎన్నిసార్లు దాన్ని నొక్కి ఉంటానో! శబ్దం పెరిగితే చెవికి తెలుస్తుంది. వెలుతురు పెరిగితే ఎవరు చెబుతారు? ఆ కీలు చాలా యంత్రాల్లో కంపెనీవారి ఏర్పాటు ప్రకారం లోలోపలే పని చేసుకుపోతాయి. తెర మీద చిన్న బొమ్మ ఒకటి కనబడి మాయమవుతుంది. బొమ్మకి మాట ఉండదు గనుక స్క్రీన్ రీడర్ చదవదు. కొన్ని యంత్రాల్లో చదువుతుంది, చాలావాటిలో చదవదు.

తెర వెనుక దీపం

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. నేను తెలుగు మాస్టారిని గనుక తెలుగు మాస్టారిలాగే చెబుతాను.

మామూలు లాప్‌టాప్‌ల్లో ఉండేది ఎల్.సి.డి. తెర. దీనికి స్వంత వెలుగు లేదు. వెనకాల ఒక దీపం ఉంటుంది. దాన్ని బ్యాక్‌లైట్ అంటారు. ఒకప్పుడు సన్నటి ట్యూబులైటు లాంటిది ఉండేది, తరవాత ఎల్.ఇ.డి.లు వచ్చాయి. ఆ దీపానికి ముందు కోట్లాది కాకపోయినా లక్షలాది చిన్న చిన్న తలుపులు. నా పాత లాప్‌టాప్ తెర అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలది. ఒక్కొక్క చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు తలుపులు. లెక్క వేస్తే 31 లక్షల 47 వేల పైచిలుకు. దీపం వెలుతురు తలుపు తెరిచినచోట బయటికి వస్తుంది, మూసినచోట ఆగిపోతుంది. అన్నీ తెరిస్తే తెలుపు. అన్నీ మూస్తే నలుపు. సగం సగం తెరిస్తే మిగతా రంగులు.

గమనించవలసిన సంగతేమిటంటే, తలుపులన్నీ మూసినా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. తెర నల్లగా ఉందంటే దీపం ఆరిందని కాదు. మన పెద్దలు కొండమీది దీపం, కుండలో దీపం అంటారే, ఇది అచ్చంగా కుండలో దీపం. బయటికి కనబడదు. నూనె మాత్రం అయిపోతూనే ఉంటుంది.

బ్రైట్‌నెస్ తగ్గించడమంటే తలుపులు మూయడం కాదు, ఆ దీపం వత్తినే తగ్గించడం. దీపానికి పోయే కరెంటును తగ్గించడమో, లేక సెకనుకు కొన్ని వందల సార్లు దాన్ని ఆర్పి వెలిగిస్తూ ఆరి ఉండే సమయాన్ని పెంచడమో చేస్తారు. అంచేత బ్యాటరీ మిగలాలంటే వత్తి తగ్గించాలి. అక్షరాలు వ్రాసుకునే మామూలు పని చేస్తున్నప్పుడు లాప్‌టాప్ తినే కరెంటులో పెద్ద వాటా ఈ దీపానిదే.

ఈమధ్య వస్తున్న ఓ.ఎల్.ఇ.డి. తెరల సంగతి వేరు. వాటిలో వెనక దీపం ఉండదు. ప్రతి చుక్కా తానే ఒక మిణుగురు. నలుపు అంటే ఆ మిణుగురు ఆరిపోవడమే. అక్కడ తెర నల్లబడితే కరెంటు కూడా మిగులుతుంది. మీ తెర ఏ జాతిదో తెలుసుకోవడం అందుకే అవసరం.

పాత రోజుల్లో లావుపాటి గాజుబుడ్డి మానిటర్లు ఉండేవి. వాటి ముందు చెయ్యి పెడితే రోమాలు నిక్కబొడుచుకునేవి, చిటపటమనేవి. అది వెలిగిందీ ఆరిందీ నా చేతికి తెలిసేది. ఇప్పటి తెర చల్లగా, మౌనంగా ఉంటుంది. వేలితో తడిమి వెలుతురు తెలుసుకునే వీలు పోయింది.

సెమినార్‌లో చచ్చిన మిషన్

తుఫాను నేర్పిన పాఠాన్ని నేను అతిగా నేర్చుకున్నాను. వెలుతురును సున్నాకి దించేసి, అలాగే ఉంచేశాను. నాకు అక్కరలేనిది నాకెందుకు అనే పట్టుదల కూడా కొంత ఉంది.

2015 ఫిబ్రవరిలో మా శాఖలో సెమినార్. నేను చేసిన పని ముగ్గురు పెద్దలు చూడాలి. ప్రొజెక్టరు లేదు. "ఆ పట్టిక ఏదో చూపించవయ్యా" అన్నారు ఒకరు. నేను పట్టిక తెరిచి, లాప్‌టాప్‌ను వారివైపు తిప్పి బల్ల మీద పెట్టాను. కిటికీ ప్రక్క బల్ల, పట్టపగలు. నా తెర వెలుతురు సున్నా.

"ఏమోయ్, నీ మిషన్ చచ్చిపోయినట్టుందే!" అన్నారు మా గైడ్ గారు.

"లేదండీ, నాకు మాటలు వినబడుతున్నాయి" అంటున్నాను నేను, ఇయర్‌ఫోను చూపించి. ఆ మాట ఎంత విడ్డూరంగా ఉందో నాకు అప్పుడు తెలియలేదు. అందరూ నవ్వారు. ఇంతలో ఒక పెద్దాయన సాయం చేద్దామనుకున్నారు. పాపం మంచివారే. పవర్ బటన్‌ను గట్టిగా నొక్కి పట్టుకున్నారు. నా చెవిలో గొంతు మాట మధ్యలో తెగిపోయింది. ఆ ఉదయం కూర్చుని వ్రాసుకున్న అధోజ్ఞాపికలు, ఇంకా సేవ్ చెయ్యనివి, వాటితోపాటే పోయాయి.

సేవ్ చెయ్యకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కాని ఆ రోజు నాకు ఎక్కువ బాధ కలిగించింది అది కాదు. నా చేతిలోని వస్తువు పనిచేస్తోందని నాకు నిశ్చయంగా తెలుసు. పనిచెయ్యడం లేదని ఎదుటివారికి నిశ్చయంగా తెలుసు. వారి నిశ్చయమే చెల్లింది. నా మాట చెల్లకపోవడానికి కారణం, వారి కంటికి కనబడేది ఏమిటో నాకు తెలియకపోవడం.

గదికి వచ్చి, కోపంతో వెలుతురు మళ్ళీ నూటికి పెంచేశాను. ఇహ ఎవరూ నా యంత్రం చచ్చిందనకూడదు. బ్యాటరీ పోతే పోనీ అనుకున్నాను.

నాకన్నా ముందు చదివినవాడు

అదే సంవత్సరం జూలైలో ఒక సాయంత్రం రీడింగ్ రూములో కూర్చున్నాను. మా అమ్మకి ఒంట్లో బాగుండక పరీక్షలు చేయించారు. రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నాం. ఫోనులో చెప్పడానికి నోరు రాక, మా తమ్ముడు మెయిల్ వ్రాశాడు. తెరిచాను.

ఇక్కడొక తేడా చెప్పాలి. చెవి వరుసగా చదువుతుంది. మొదటి మాట తరవాత రెండో మాట, మొదటి వాక్యం తరవాత రెండో వాక్యం. కన్ను అలా కాదు. పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో మింగేస్తుంది. నా చెవిలో గొంతు ఇంకా "అన్నయ్యా, నువ్వు కంగారు పడకు, నేను అన్నీ చూసుకుంటున్నాను" అనే దగ్గరే ఉంది. నా భుజం వెనకనుంచి ఎవరో "అయ్యో పాపం, అమ్మకా?" అన్నారు.

తరవాతి వాక్యం వినకుండానే నాకు తెలిసిపోయింది.

ఆ మనిషి చెడ్డవాడు కాదు. వెలిగే తెర మీదికి కన్ను దానంతటదే పోతుందట. రాత్రి భోజనాలకి మెస్సుకి వెళ్ళేసరికి అందరికీ తెలుసు. అందరూ దయగానే పలకరించారు. కాని మా ఇంటి కబురు నాకన్నా ముందు వేరే మనిషికి చేరింది, నా చేతుల్లోని తెర మీదనుంచే. నేను నిండుగా వెలిగించి పెట్టుకున్న దీపం వెలుగులోనే. అమ్మ ఆపరేషన్ అయి కోలుకుంది. ఇప్పుడు క్షేమంగా ఉంది. ఆ సాయంత్రం మాత్రం నాకు ఇంకా చెవిలో ఉంది.

ఆ రాత్రి నాకు తెలిసొచ్చిన సంగతి ఇది. వెలుతురు నూటిలో ఉంచడమూ తప్పే, సున్నాలో ఉంచడమూ తప్పే. ఎక్కడ ఉందో నాకు తెలియకపోవడం, కావలసినప్పుడు నేనే మార్చుకోలేకపోవడం, అదీ అసలు లోపం. తెర వెలుతురు నేను చూడ్డానికి కాదు. నన్ను ఇతరులు చూసే కిటికీ అది. ఆ కిటికీ రెక్క నా చేతిలో ఉండాలి.

కళ్ళతో పనిలేని పద్ధతులు

ఇహ పద్ధతులకి వస్తాను. ఎవరైనా చూపులేని విద్యార్థికి ఇది చదివి వినిపిస్తే నా శ్రమ ఫలించినట్టే.

మొదటిది, అంకె వినడం. కీలు నొక్కి ఊహించుకోవడం కాదు, ఎంత శాతం ఉందో యంత్రం చేతనే చెప్పించాలి. నేను అప్పట్లో వాడిన విండోస్ 7లో, విండోస్ కీతో ఎక్స్ నొక్కితే మొబిలిటీ సెంటర్ తెరుచుకునేది. అందులో మొదట్లోనే బ్రైట్‌నెస్ స్లైడరు. బాణం కీలతో జరిపితే స్క్రీన్ రీడర్ శాతం చదివేది. ఇప్పటి విండోస్ 11లో విండోస్ కీతో ఏ నొక్కితే క్విక్ సెట్టింగ్స్ వస్తుంది. టాబ్ కీతో బ్రైట్‌నెస్ దగ్గరికి వెళ్ళి బాణాలతో జరుపుకోవచ్చు. లేదా విండోస్ కీతో ఐ నొక్కి, సిస్టమ్, అందులో డిస్‌ప్లే. మూడూ ఒకే వత్తిని తిప్పే మూడు చేతులు. ఏది అలవాటైతే అది.

రెండోది, షార్ట్‌కట్. విండోస్‌లో పవర్‌షెల్ అనే ఆజ్ఞల పలక ఉంది. వెలుతురును ఫలానా శాతానికి మార్చమని దానికి ఒక వాక్యంలో చెప్పవచ్చు. నేను సున్నా, యాభై, నూరు, ఇలా మూడు ఆజ్ఞలు వ్రాసుకుని, ఒక్కొక్క దానికి మూడేసి కీల షార్ట్‌కట్ పెట్టుకున్నాను. క్లాసులో ఎవరికైనా చూపించాలంటే నూరు. ఒంటరిగా ఉంటే సున్నా. లినక్స్ వాడేవారికి ఇంకా సుఖం. అందులో వెలుతురు అనేది ఒక ఫైలులో వ్రాసి ఉన్న అంకె. ఆ ఫైలు చదివితే ఎంత ఉందో తెలుస్తుంది, తగిన అనుమతితో అంకె మార్చి వ్రాస్తే వెలుతురు మారుతుంది. అయితే ఇవన్నీ లాప్‌టాప్ స్వంత తెరకే. బయట తగిలించిన మానిటర్లు చాలావరకు వీటి మాట వినవు. వాటి బటన్లు వాటికే ఉంటాయి.

మూడోది, తెర వేయడం. వెలుతురు సున్నా అన్నంత మాత్రాన తెర చీకటి కాదు. చాలా యంత్రాల్లో సున్నా అంటే మసక వెలుతురే. చీకటి గదిలో ప్రక్కవాడు సుఖంగా చదవగలడు. గోప్యానికి వేరే సాధనం ఉంది. దాన్ని స్క్రీన్ కర్టెన్ అంటారు. ఎన్.వి.డి.ఎ.లో 2020 తొలినాళ్ళలో వచ్చింది. జాస్‌లో దీన్నే స్క్రీన్ షేడ్ అంటారు. ఐఫోనులో వాయిస్ ఓవర్ వాడేవారు మూడు వేళ్ళతో మూడుసార్లు తడితే తెర నల్లబడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ మెనూలోనే తెర దాచే ఏర్పాటు ఉంది. ఎన్.వి.డి.ఎ.లో ఇది చేసే పని ఏమిటంటే, తెరకి పోయే రంగులన్నిటినీ చిట్టచివర నలుపుగా మార్చేయడం. ప్రోగ్రాములు ఎప్పటిలాగే నడుస్తాయి, గొంతు ఎప్పటిలాగే చదువుతుంది, చూసేవాడికి మాత్రం నల్లపలక.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "కర్టెన్ వేశాను, బ్యాటరీ కూడా మిగులుతుంది" అనుకుంటారు. పైన చెప్పిన కుండలో దీపం గుర్తుంచుకోండి. ఎల్.సి.డి. తెర మీద కర్టెన్ వేస్తే తలుపులు మూసుకుంటాయి గాని దీపం వెలుగుతూనే ఉంటుంది. గోప్యానికి కర్టెన్, బ్యాటరీకి బ్రైట్‌నెస్. రెండూ వేరు వేరు కుళాయిలు. రెండూ కావాలంటే రెండూ కట్టాలి.

నాలుగోది, తనిఖీ. మన వెనకాలే వెలుతురును మార్చే చేతులు కొన్ని ఉన్నాయి. కొన్ని లాప్‌టాప్‌లకి గది వెలుతురును కనిపెట్టే సాధనం ఉంటుంది, అది తెరను తనంతట తాను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. బ్యాటరీ పొదుపు ఏర్పాటు కూడా తగ్గించవచ్చు. సెట్టింగులలో వీటిని ఆపుకోవచ్చు. ఆపినా నమ్మకం కుదరకపోతే, సీయింగ్ ఏఐ అనే ఫోను అప్లికేషనులో వెలుతురును రాగంగా వినిపించే ఏర్పాటుంది. ఐఫోనులో 2017లో వచ్చింది. ఫోను కెమెరాను తెరవైపు పెడితే, వెలుతురు హెచ్చితే స్థాయి హెచ్చుతుంది, తగ్గితే దిగుతుంది. నేను మొదటిసారి మా ఇంట్లో కిటికీనీ, ట్యూబులైటునీ, లాప్‌టాప్‌నూ వరుసగా విన్నప్పుడు చాలాసేపు ఆడుకున్నాను. మా ఆవిడ నవ్వింది.

అంధులందరూ ఒకటి కాదు

చూపులేనివారంటే అందరికీ చీకటే అని ఒక అపోహ. నాలాంటివాళ్ళు తక్కువ. చాలామందికి ఎంతో కొంత చూపు మిగిలి ఉంటుంది. ఆల్బినిజం ఉన్నవారికి, కంటిలో నల్లపాప చుట్టూ ఉండే పొర పుట్టుకతో లేనివారికి నిండు వెలుతురు సూదులు గుచ్చినట్టుంటుంది. వాళ్ళు తెర తగ్గించుకుని, నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు పెట్టుకుంటారు. మరికొందరికి వెలుతురు ఎంత పెంచినా చాలదు. అంచేత "మీవాళ్ళకి ఎంత పెట్టాలి?" అని అడిగితే జవాబు లేదు. ఎవరిది వారే పెట్టుకోవాలి.

ఇంకొక విచిత్రం. ఏమీ కనబడనివారిలో కూడా కొందరి శరీరం వెలుతురును గుర్తిస్తుంది. 1995లో అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించారు. చూపు పూర్తిగా లేని 11 మందికి తీవ్రమైన వెలుతురు చూపించగా, ముగ్గురిలో నిద్రకు సంబంధించిన మెలటోనిన్ అనే హార్మోను తగ్గింది. వారికి మాత్రం ఏమీ కనబడలేదు. కంటి వెనక పొరలో, బొమ్మలు చూడడానికి కాక పగలూ రాత్రీ తేడా శరీరానికి చెప్పడానికే పనిచేసే కణాలు వేరే ఉన్నాయని 2002లో తేలింది. ఆ కణాలు బాగున్నవారికి ఈ లెక్క నడుస్తుంది. కళ్ళు పూర్తిగా దెబ్బతిన్నవారికి నడవదు. ఆ ప్రయోగంలోని వెలుతురు లాప్‌టాప్ వెలుతురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, నిజమే. అయినా అర్ధరాత్రి దాకా నిండుగా వెలిగే తెర ముందు కూర్చునే చూపులేని విద్యార్థి, "నాకేం, నాకు కనబడదుగా" అనుకోనక్కరలేదు. ప్రక్క మంచం మీద నిద్రపట్టక దొర్లుతున్న రూమ్మేటు సంగతి ఎలాగూ ఉండనే ఉంది!

చివరిగా ఒక మనవి

ఈ సంచిక చదివే విద్యార్థులకి, అధ్యాపక మిత్రులకి మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

చూపులేని మిత్రుడి లాప్‌టాప్ మీద చెయ్యి వేసేముందు అడగండి. తెర నల్లగా ఉంటే "చచ్చింది" అనకండి, "నీ తెర నాకు నల్లగా కనబడుతోంది, కర్టెన్ వేశావా?" అనండి. ఆ ఒక్క ప్రశ్న నా సెమినారును నిలబెట్టేది.

సాయం చేసి ఏదైనా మారిస్తే, ఏం మార్చారో చెప్పండి. హుద్‌హుద్ రాత్రి ఆ కుర్రాడు చేసిన మేలు నేను మరువలేదు. కాని వాడు వెలుతురు తగ్గించడమే కాక, ఏ కీ నొక్కాడో నా వేలు పట్టుకుని చూపించాడు. సగం మేలు అదే.

లైబ్రరీలో, లాబ్‌లో చూపులేని విద్యార్థులు కూర్చునే చోటు గోడకి వీపు ఆనేలా ఉంచండి. దీనికి కొత్త నిధులు అక్కరలేదు. బల్ల ఒక్కటి ఇటునుంచి అటు జరిపితే చాలు.

గుడ్డివాడు రాత్రిపూట దీపం పట్టుకుని వెళ్ళిన కథ మీరంతా వినే ఉంటారు. "నీకెందుకయ్యా దీపం?" అని అడిగితే, "నాకు కాదు, నువ్వు వచ్చి నన్ను గుద్దుకోకుండా" అన్నాడట. చిన్నప్పటినుంచీ ఈ కథ నాకు చెప్పనివాళ్ళు లేరు. చెప్పినవాళ్ళెవరూ ఒక ప్రశ్న మాత్రం వెయ్యలేదు. ఆ దీపం వెలుగుతోందో ఆరిపోయిందో అతనికి ఎలా తెలుసు?

అతనిది నూనె దీపం. మంట సెగ చేతికి తగులుతుంది, వత్తి వాసన ముక్కుకి తగులుతుంది. అతనికి తెలుసు. నా దీపానికి సెగ లేదు, వాసన లేదు. అందుకే నేను దాన్ని అంకెగా చదివించుకుంటున్నాను, రాగంగా వింటున్నాను, మూడు షార్ట్‌కట్‌లతో పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉన్నాను. ఈ వ్యాసం టైపు చేస్తున్నంతసేపూ నా తెర వెలుతురు సున్నా, దాని మీద కర్టెన్. రేపు మీ కార్యదర్శికి చూపించేటప్పుడు నూరు చేస్తాను.

సెలవు.